నేను తాగని బావి నీళ్లు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. గర్భిణుల రిజిస్టర్ ఎలా నింపాలి, ట్యాబ్‌లో ఏది ముందు నొక్కాలి అని అడుగుతారు. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక బావి గురించి, ఆ బావి నీళ్లు తాగిన బాలమణి అనే మనిషి గురించి, ఆమె పేరుకెదురుగా నేను రెండుసార్లు రాసిన రెండు మాటల గురించి.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఉన్న ఒక ఊళ్లో నేను సర్వీసంతా ఏఎన్ఎంగా పనిచేశాను. ఊళ్లో నర్సమ్మ అనేవాళ్లు. పెద్దవాళ్లు దొరసాని అనేవాళ్లు. పదవీ విరమణ రోజు శాలువా కప్పి "ఎందరో తల్లులకు తల్లి" అని పొగిడారు. ఆ మాట నాకు నచ్చలేదు. నేను జీతం తీసుకుని పనిచేసిన మనిషిని. ఆ పనిలో కొంత బాగా చేశాను, కొంత చెడగొట్టాను. బాగా చేసినదాన్ని శాలువాతో పాటే మడిచి పెట్టేశాను.

మా ఇల్లు, మా బావి

మాది ఆ ఊరి దొరల ఇల్లు, గడి అనేవాళ్లు. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే సినిమా కథ అనుకుంటారు. గడి గోడ ఒకటి మాత్రం ఇంకా నిలబడి ఉంది. దాని పెద్ద తలుపులు శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టుకు పోయాయి. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు ఇప్పుడు వాటికి ఆనుకుని నిలబడతారు. నేను ఏఎన్ఎం శిక్షణకు వెళ్లే నాటికే ఇంట్లో గింజలకు కరువు వచ్చింది. ఆ సంగతి ఊరికి తెలియకూడదని మా అమ్మ ఉత్త పొయ్యి మీద గిన్నె పెట్టి పొగ రానిచ్చేది.

నేను శిక్షణకు వెళతానంటే బాపు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పిలిచి అడిగాడు.

"మన ఇంట్ల పురుడు పోసెటోళ్లు ఎనుక దర్వాజ నుంచి వచ్చేటోళ్లు. నువ్వు గాళ్ల ఇండ్లల్లకు ముందు దర్వాజ నుంచి పోతవా?"

"పోత, బాపు. గింజలు లెవ్వు గదా" అన్నాను.

గోడ వైపు తిరిగి, "పో. కని ఎవ్వరింట్ల నీళ్లు ముట్టకు" అన్నాడు. ఆ ఒక్క షరతే పెట్టాడు. ఆయన పోయాక కూడా దాన్ని నేను తప్పలేదు. పొలాలు పోయాయి, తలుపులు పోయాయి. ఈ ఒక్కటి నా చేతిలో ఉందనుకున్నాను. గంజి పెట్టిన తెల్ల చీర, వంగని నడుము, సంచిలో మేడ్చల్‌లోని నా ఇంట్లో నింపుకున్న స్టీలు సీసా. ఎంత ఎండలోనైనా ఏ ఇంట్లోనూ గ్లాసు అందుకోలేదు. మొదట్లో ఆడవాళ్లు తెచ్చి ఇవ్వబోయేవాళ్లు. తర్వాత "దొరసాని తాగది" అని పిల్లలకు చెప్పి లోపలికి పంపేవాళ్లు. అది మర్యాద అనుకున్నాను.

బావి గడి వెనక ఉంది. కూలిపని చేసుకునేవాళ్ల వాడకు నీళ్లు లేవని మా తాత తవ్వించాడని ఇంట్లో చెప్పేవాళ్లు. తవ్వింది ఎవరో, వాళ్లకు కూలి ముట్టిందో లేదో ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యేదాకా నేనూ అడగలేదు. తర్వాతి కాలంలో దానికి మోటారు పెట్టి పక్కన చిన్న ట్యాంకు కట్టారు. ఊరి మిగతా భాగానికి నల్లాలు వచ్చాయి. ఆ వాడ మాత్రం మెరక మీద ఉండటంతో నల్లా నీళ్లు ఎక్కేవి కావు. కొనగలిగినవాళ్లు క్యాన్లు కొనుక్కున్నారు. ఆ వాడవాళ్లు మా తాత బావి నీళ్లే తాగారు.

కారణం

మా పని ఆడవాళ్ల ఆరోగ్యం అని బోర్డు మీద ఉంటుంది. నిజానికి మేం చూసేది ఆడవాళ్లను కాదు, గర్భాలను. కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్లు ఆ మనిషి ఇంటికి నాలుగుసార్లు వెళతాం. బిడ్డకు టీకాలు అయిపోయాక ఆమె చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయన్నా రాసుకోవడానికి మాకు కాగితం లేదు. ఆపరేషన్ చేయించుకునేది ఆమె, కాపర్ టీ వేయించుకునేది ఆమె, మాత్రలు మింగేది ఆమె. మగవాళ్ల ఆపరేషన్ పత్రం నా సర్వీసు మొత్తంలో ఎన్నిసార్లు నింపానో చెప్పడానికి ఒక చేతి వేళ్లు చాలు.

గర్భం పోతే, బిడ్డ చనిపోతే, రిజిస్టర్‌లో "కారణం" అని ఒక కాలమ్ ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దాన్ని ఖాళీగా వదిలేదాన్ని. మా పీహెచ్‌సీ డాక్టరు గారు పిలిపించారు. చెడ్డవాడు కాదు. రోజంతా రోగుల్ని చూసి చూసి విసుగెత్తినవాడు.

"అమ్మా, ఈ కాలమ్ ఖాళీగా పంపితే పై నుంచి నాకు ఫోన్ వస్తుంది."

"కారణం తెలియలేదు సార్."

"తెలియలేదంటే మనం వెళ్లలేదని అర్థం. మందులు సరిగ్గా వేసుకోలేదు, బరువులు మోసింది, చెకప్‌కు రాలేదు. ఏదో ఒకటి ఉంటుంది కదా. అది రాయండి."

ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కూలికి పోయే ఆడది బరువు మోయకుండా ఉండదు. అలా "తల్లి నిర్లక్ష్యం" అనే రెండు మాటలు నా చేతికి అలవాటయ్యాయి. మంచి దస్తూరీ నాది, గడిలో పంతులు దగ్గర నేర్చుకున్నది. ఆ మాటలు కూడా అందంగానే రాశాను.

డ్రమ్ములు

బావికి ఎగువన మా మామిడితోట ఉండేది. తమ్ముడు అమ్మేశాడు. నేనూ సంతకం పెట్టాను. బావీ దాని చుట్టూ ఉన్న కాస్త జాగా మాత్రం అమ్మకంలో కలపనివ్వలేదు. అది మా తాత పేరు మీదే ఉండాలని పట్టుబట్టాను. తోట చేతులు మారి మారి చివరికి ఊళ్లోనే ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన కిందికి వచ్చింది. చెట్లు కొట్టించి రేకుల షెడ్డు వేశాడు. మందులు, రంగులు నింపి వాడేసిన డ్రమ్ములు ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చేవి. వాటిని కడిగి, ఆరబెట్టి, తిరిగి అమ్మడం అక్కడి పని. కడిగేవాళ్లందరూ ఆడవాళ్లే. వాళ్ల చేతులు సన్నగా ఉంటాయని, డ్రమ్ము మూతిలో భుజం దాకా దూరతాయని వాళ్లను పెట్టుకున్నారు. కడిగిన నీళ్లు షెడ్డు వెనక గుంతలోకి పోయేవి. ఆ గుంత ఎప్పుడూ నిండేది కాదు. ఎందుకు నిండదో నేను ఆలోచించలేదు.

బాలమణి ఆ వాడకు కోడలిగా వచ్చిన మనిషి. భర్త తుర్కపల్లి కంపెనీల స్టాఫ్‌ను తీసుకెళ్లే క్యాబ్ నడుపుతాడు, తెల్లవారకముందే పోతాడు. అత్త పోచమ్మకు మోకాళ్లు పోయాయి. నీళ్లు తేవడం, వంట, షెడ్డు పని అన్నీ బాలమణివే. మొదటి గర్భం ఆరో నెలలో పోయింది. రిజిస్టర్‌లో నా రెండు మాటలు రాశాను.

రెండోసారి ఆమెకు అయిదో నెల నడుస్తుండగా మా పీహెచ్‌సీ తరఫున మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. ఒక్కో గర్భిణి చేత ఒక్కో మొక్క నాటించి ఫొటో తీయాలి. డాక్టరు గారు మైకు పట్టుకుని, "నేల మన తల్లి. ఈ తల్లులే ఆ తల్లిని కాపాడుకోవాలి" అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఫొటో అయ్యాక మొక్కల బాధ్యత కూడా నాకే అప్పగించారు, దానికీ ఒక రిజిస్టర్ ఇచ్చారు. రోజుకు రెండు బిందెల నీళ్లు పోయాలని ఆ గర్భిణులకే చెప్పాను. నేలను తల్లి అన్నాక నేల పని కూడా తల్లుల మీదే పడుతుంది. షెడ్డు వెనక గుంత తవ్వించినవాణ్ని ఆ రోజు ఎవరూ మైకు దగ్గరికి పిలవలేదు. పిలిచింది టెంటు వేయించాడని దండ వేయడానికి మాత్రమే.

నెలన్నర తిరక్కుండానే మొక్కలన్నీ ఆకుల అంచులు మాడి ఎండిపోయాయి.

"నీళ్లు పోయడం మానేశారా?" అని బాలమణిని గట్టిగా అడిగాను.

"పొద్దు మాపు పోస్తనే ఉన్నం దొరసాని. పోసినకొద్ది మాడుతున్నయి. నీళ్లు గూడ అదో తీరుగ వాసనొస్తున్నయి."

"మా తాత తవ్వించిన బావి అది. మీ అత్తనడుగు, ఇన్నేళ్లలో ఎప్పుడైనా చెడిపోయిందా? నీళ్లు మంచివే. మీరే బద్ధకిస్తున్నారు."

ఆమె బిందె ఎత్తుకుని బావి వైపు వెళ్లింది. మొక్కల రిజిస్టర్‌లోనూ ఒక కారణం కాలమ్ ఉంది. "సంరక్షణ లోపం" అని రాశాను.

ఆమె బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే చనిపోయి పుట్టాడు. నేను ఇంటికి వెళ్లి, పోచమ్మ వింటుండగా, "చెప్పినట్టు మాత్రలు వేసుకుంటే ఇలా అయ్యేది కాదు" అన్నాను. రిజిస్టర్‌లో రెండోసారి రాసిన ఆ రెండు మాటల అర్థమూ అదే. అయితే రిజిస్టర్‌లోని మాట బీరువాలో ఉంటుంది. వాకిట్లో అన్న మాట వాడంతా తిరుగుతుంది. "నర్సమ్మనే జెప్పింది, గీమె గోలీలు మింగలేదని" అని పోచమ్మ ట్యాంకు దగ్గరా, కిరాణా దుకాణం దగ్గరా చెప్పుకుంది. కొడుక్కి ఇంకో సంబంధం చూడాలన్న మాట కూడా మొదలైంది.

గోలీల అట్టలు

మూడోసారి బాలమణికి నాలుగో నెల నడుస్తుండగా నేను వాళ్లింటికి వెళ్లాను. ఈ బిడ్డ కూడా దక్కకపోతే ఆమెను పుట్టింటికి పంపేస్తారని వాడలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అందుకే మాత్రల గురించి ముందుగానే గట్టిగా చెప్పాలనుకున్నాను.

నేను కార్డు తెరవకముందే ఆమె లోపలికి వెళ్లి ఒక పాలిథిన్ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నిండా ఖాళీ గోలీల అట్టలు.

"ఏంది ఇవి?" అన్నాను. నాకూ ఆ ఊరి మాటే వచ్చింది.

"మొదటి కాన్పు కాంచి నువ్విచ్చిన గోలీలు. ఒక్కటి గూడ ఇడువలే. లెక్కవెట్టుకో."

ఆ రోజే ఆమె నన్ను మొదటిసారి నువ్వు అంది. నేను లెక్కపెట్టలేదు. అవసరం లేకపోయింది.

"మింగలేదని రాసినవ్. మా అత్తకు జెప్పినవ్. ఎందుకు మింగలేదే అని నన్నొక్కసారన్న అడిగినవా? ఏ నీళ్లతోని మింగినవే అని అడిగినవా?"

పోచమ్మ గడప మీద కూర్చుని ఉంది. "ఊకో. దొరసానితోని గట్లనా మాట్లాడేది?" అంది కానీ ఆ గొంతులో బలం లేదు.

బాలమణి ఊరుకోలేదు. కుండలోంచి గిలాసతో నీళ్లు ముంచి నా ముందు పట్టుకుంది.

"మీ తాత బాయివే గదా. మంచియే అంటవ్ గదా. ఒక్క గిలాస తాగు."

"మేము బయట తాగం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో నాకే వినిపించింది.

"గందుకే నీకు ఎర్కలేదు" అంది ఆమె.

కోపంగా అనలేదు. ఒక సంగతి చెప్పినట్టు అంది. నేను గిలాస అందుకున్నాను. బాపు గుర్తుకు రాలేదు. సిగ్గే గుర్తుంది. నోటి దగ్గరికి తీసుకోగానే పెయింటు డబ్బా మూత తీసినట్టు వాసన వేసింది. రెండు గుటకలు మింగాను. నాలుక మొద్దుబారి, గొంతులో ఏదో గీసినట్టయింది. మిగతావి మింగలేకపోయాను.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

"షెడ్డు వెట్టిన రెండో ఎండకాలం కాంచి" అంది పోచమ్మ, నేల వైపు చూస్తూ. "కుండల తులసాకు ఏస్తే జెర తగ్గుతది."

ఆ రెండో ఎండాకాలం తర్వాత నేను ఆ వాడకు ఎన్నిసార్లు వెళ్లి ఉంటానో మీరే ఊహించుకోండి. ఏ ఒక్క ఇంట్లో, ఏ ఒక్క మధ్యాహ్నం, దాహమై గ్లాసెడు నీళ్లు పుచ్చుకుని ఉన్నా నాకు తెలిసేది. బడికి వెళ్లే పిల్లకు తెలిసిన సంగతి, బీపీ మిషను, బరువు తూచే త్రాసు మోసుకుని తిరిగిన నాకు తెలియలేదు. దానికి కారణం మా శాఖ ఒక్కటే అయితే ఇది రాసేదాన్ని కాదు.

తాళం

మర్నాడు డాక్టరు గారితో చెప్పాను.

"నీళ్లు మన శాఖ కాదమ్మా" అన్నారు. "పైకి రాస్తాను. కానీ అది వేరే శాఖ, ఫ్యాక్టరీల సంగతి ఇంకో శాఖ."

"మరి మనది ఏది సార్?"

"తల్లీ బిడ్డ."

ఆ తల్లి నీళ్లు తాగుతుందన్న సంగతి ఏ శాఖకూ చెందలేదు. నేనే పరీక్షకు నీళ్లు పంపితే తాగడానికి పనికొస్తాయని కాగితం వచ్చింది. అది పురుగులున్నాయేమో చూసే పరీక్ష. డ్రమ్ములు కడిగిన నీళ్లలో పురుగు కూడా బతకదని ఆ కాగితానికి తెలియదు.

షెడ్డు యజమాని దగ్గరికి వెళ్లాను. కుర్చీ వేయించి, లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. వాళ్ల నాన్న మా పొలం కౌలుకు చేసేవాడు.

"దొరసాని, మీరు గీడిదాంక వచ్చుడేంది, కబురంపితే నేనే రాకపోదునా."

"ఆ గుంత పూడ్చండి. ఆ నీళ్లు బావిలోకి దిగుతున్నాయి."

"కాయిదం ఉన్నదా? మంచి నీళ్లని గదా కాయిదమొచ్చింది. మీరే తెప్పిచ్చిండ్రాయె." నవ్వాడు. "అయినా గీ జాగ మీదే గదా. మీరమ్మితేనే గదా మా దాంక వచ్చింది. ఆడోళ్లకు పని దొరికింది. బంద్ వెడితే గాళ్లను మీ గడిల పనికి పెట్టుకుంటరా?"

అక్కడ డ్రమ్ము లోపల భుజం దాకా చేయి పెట్టి కడుగుతున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. వాళ్లెవరూ ఆ గుంత పూడ్చమని అనలేదు. అనలేరు. విషం తగిలేదీ వాళ్లకే, పని పోతే పస్తుండేదీ వాళ్లే. పర్యావరణం గురించి మీటింగుల్లో మాట్లాడేవాళ్లు ఈ రెండో సంగతి మరచిపోతారు. నేనూ మరచిపోయాను.

నాకు అవమానమైంది. మా కౌలుదారు కొడుకు మా తోటలో నిలబడి నన్ను వెటకారం చేయడం నేను భరించలేకపోయాను. బావి మాదే కదా అనుకున్నాను. మేడ్చల్‌లో ఒక మంచి తాళం కొని, మరుసటి రోజు పొద్దున మోటారు స్టార్టరు డబ్బాకు వేసేశాను. "ఈ నీళ్లు ఎవరూ తాగొద్దు" అని ట్యాంకు మీద నా చేత్తో రాశాను. వాడలో ఎవరినీ అడగలేదు. దొరల ఇంట్లో అడిగే అలవాటు లేదు.

ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్లు తాళాన్ని చూసి నిలబడిపోయారు. పోచమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది.

"బాయికి తాళమెయ్యనీకె మీ తాతకు గూడ ధైర్యం సాలలే, దొరసాని" అంది. "గీ నీళ్లు మంచియి గావంటివి. మంచి నీళ్లు ఏడున్నయో జెప్పకపోతివి."

ట్యాంకరు వస్తుందని పంచాయతీ ఆఫీసులో నాకు మాట ఇచ్చారు. రెండు రోజులు వచ్చింది. తర్వాత నాలుగు రోజులకొకసారి వచ్చింది. మిగతా రోజుల్లో ఆడవాళ్లు మెయిన్ రోడ్డు మీది నల్లా దాకా నడిచారు. బాలమణి అయిదో నెల నుంచి, షెడ్డు పనికి పోయే ముందు, నెత్తిన ఒకటి చంకన ఒకటి బిందె పెట్టుకుని ఆ దూరం నడిచింది. ఆమె కార్డు మీద "బరువులు మోయరాదు" అని ముద్ర ఉంది. ఆ ముద్ర నేను వేసిందే. నేను స్కూటీ మీద క్యాన్ తెచ్చి ఇస్తే, ఇంట్లో అందరూ తాగేవాళ్లు, అది చాలక ఆమె మళ్లీ నడిచేది. ఒకరోజు రోడ్డు మీద ఎదురైతే నేను స్కూటీ ఆపాను. ఆమె "నన్నెక్కించు" అనకుండా, "తాళం తియ్యి" అనకుండా, బిందె సర్దుకుని పక్కకు తప్పుకుంది. ఆ తప్పుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఏడో నెలలో నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పట్నంలోని ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పదకొండు రోజులు బతికింది. పేరు పెట్టలేదు.

నీళ్లా, డ్రమ్ములా, బిందెలా, ఏది కారణమో నేను నిరూపించలేను. నిరూపించగలిగినవాళ్లు ఎవరూ ఆ వాడకు రాలేదు.

రాసింది

నా రిటైర్మెంటుకు అప్పటికి రెండు నెలలు ఉన్నాయి. రిజిస్టర్ తెరిచి కారణం కాలమ్‌లో పట్టినంత రాసి, మిగతాది పేజీ అంచున రాశాను. డాక్టరు గారు చదివి కళ్లజోడు తీశారు.

"ఇది కారణం కాదమ్మా, ఉత్తరం. కొట్టేసి మళ్లీ రాయండి."

"రాయను సార్."

"మీ మీదే రాసుకున్నారు. పెన్షన్ కాగితాలు కదిలే సమయం."

"నా మీద రాయడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ వాళ్ల మీదే రాశాను."

మెమో ఇచ్చారు. జవాబు ఇచ్చాను. నేను రిటైరయ్యాక వచ్చిన అమ్మాయి ఆ వివరాలన్నీ ట్యాబ్‌లోకి ఎక్కించింది. ట్యాబ్‌లో కారణాల జాబితా తయారుగా ఉంటుంది. అందులో బావి లేదు, డ్రమ్ము లేదు, తాళం లేదు. ఆమె దగ్గరగా ఉన్నదాన్ని నొక్కింది: తల్లి సలహాలు పాటించకపోవడం. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. నేను ఆ వయసులో చేసిందే ఆమె చేసింది, ఇంకా తక్కువ సిరాతో.

షెడ్డు మూతపడలేదు. గోడ ఎత్తు పెంచారు. ఆ పాప పోయాక వాడ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వెళ్లి పంచాయతీ ఆఫీసు మెట్ల మీద రెండు రోజులు కూర్చున్నారు. నన్ను పిలవలేదు. మెరక మీదికి ఎక్కేలా కొత్త పైపు వేయించుకుని లేచారు. నల్లా ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తుంది. నా తాళం చేయలేని పని అది. అడగకుండా మేలు చేయబోయేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కొత్తగా వచ్చే మీకు నేను చెప్పేది ఇంతే. వెళ్లిన ఇంట్లో ముందు నీళ్లు అడిగి తాగండి. తర్వాత కార్డు తెరవండి. ఆ నీళ్లు ఎక్కడివి, ఎవరు మోసుకొచ్చారు, ఆమె చేతులు రోజంతా దేంట్లో నానుతున్నాయి, ఇవి అడగకుండా మాత్రలు మింగావా అని అడిగే హక్కు మనకు లేదు. కారణం తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఫోన్ వస్తే రానివ్వండి.

చదివింది

రిజిస్టర్‌లోని ఆ పేజీని అప్పగించకముందే మేడ్చల్ బస్టాండు దగ్గర జిరాక్సు తీయించుకున్నాను. అది బాలమణికి చెందినదని నా అభిప్రాయం. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. పోచమ్మ గడప మీద అదే చోట ఉంది. బాలమణి అప్పుడే షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. చేతులు మోచేతుల దాకా పాలిపోయి, పొలుసులు లేచి ఉన్నాయి. భర్త వారానికొకసారి వస్తున్నాడని వాడలో విన్నాను. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

"నీళ్లు ఇస్తావా?" అన్నాను.

నల్లా నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆమె నా వైపు చూడలేదు.

కాగితం తీసి ఇవ్వబోతే, "నాకు సదువు రాదు" అంది. "ఏమని రాసినవ్? మల్ల నా మీదనేనా?"

"కాదు."

"గట్లయితే సదువు. మా అత్త ముంగట సదువు."

నేను చదివాను. "తల్లి మాత్రలన్నీ మింగింది. చెకప్‌లన్నింటికీ వచ్చింది. తల్లి తప్పు లేదు. ఇంతకు ముందు రెండుసార్లు తల్లి నిర్లక్ష్యం అని రాసింది తప్పు. తాగిన నీళ్లు గడి వెనక బావివి. డ్రమ్ములు కడిగిన నీళ్లు దాని పక్కనే ఇంకుతున్నాయి. ఆ నీళ్లు మంచివని చెప్పింది నేను, ఎన్నడూ తాగి చూడకుండా. వేరే నీళ్లు చూపించకుండా బావికి తాళం వేసింది నేను. అయిదో నెల నుంచి తల్లి మెయిన్ రోడ్డు నుంచి నీళ్లు మోసింది."

పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగ సదివి ఏం ఫాయిదా, దొరసాని. పిల్ల రాదాయె" అంది.

కాగితం మడవబోయాను.

"మడవకు" అంది బాలమణి. "అప్పుడు నా మీది మాట వాకిట్ల నిలవడి అన్నవ్. వాడంత ఇన్నది. గిది ఇంట్ల గూసోని సదివితే ఎట్ల?"

లేచి వెళ్లి వీధి తలుపు పూర్తిగా తెరిచింది. ఎదురింట్లో ఇద్దరు బీడీలు చుడుతున్నారు. షెడ్డు నుంచి వస్తున్న ఆడవాళ్లు కొందరు నల్లా దగ్గర ఆగి ఉన్నారు.

"బయటికొచ్చి సదువు. గట్టిగ."

నేను వాకిట్లోకి వెళ్లి, నడుము నిలబెట్టి, మొదటి నుంచి చదివాను.